ఇంగ్లండు ఎవరి సొత్తు?

ఒక దేశంలో పుట్టినంత మాత్రాన మనిషికి ఆ దేశంపై ఏ హక్కు సిద్ధిస్తుందన్న ప్రశ్న 1647 అక్టోబరు చివర లండను సమీపంలోని పట్నీ గ్రామంలో సూటిగా ఎదురైంది. రాజు మొదటి చార్లెస్‌ను ఓడించిన పార్లమెంటు సైన్యంలోని అధికారులూ సిపాయిల ప్రతినిధులూ అక్కడ చేరి, ఓటు ఎవరికి ఉండాలో వాదించుకున్నారు. 1430 నాటి చట్టం ప్రకారం కౌంటీలలో, అంటే జిల్లాలలో, ఏటా 40 షిల్లింగుల రాబడినిచ్చే సొంత భూమి ఉన్నవారికే ఆ హక్కు ఉండేది.

దేవుడు ప్రతి మనిషికీ వివేకాన్ని వాడుకొమ్మనే ఇచ్చాడు గనుక, ఎంతటి పేదవాడైనా తన సమ్మతి లేని ప్రభుత్వానికి బద్ధుడు కాడని కల్నల్ థామస్ రెయిన్స్‌బరో వాదించాడు. పార్లమెంటు సేనాని క్రాంవెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ దీనికి ఒప్పుకోలేదు. పుట్టుక వల్ల ఉండే చోటు, పీల్చే గాలి, నడిచే రహదారి దక్కుతాయే గాని దేశ వ్యవహారాలను నిర్ణయించే అధికారం దక్కదనీ, అది స్థిరాస్తి ఉన్నవారిదేననీ, ఇక్కడికొచ్చి నివసించే పరదేశి చట్టానికి లోబడినట్టే ఆస్తిలేనివాడూ లోబడాలనీ అతడన్నాడు. వర్గానికీ ఇంగ్లీషు జాతీయతకూ ఉన్న ముడి ఇంత నిర్మొహమాటంగా బయటపడిన సందర్భం అరుదు: కూలివాడు పుట్టిన ఊళ్లోనే పరాయివాడయ్యాడు.

అయినా ఐర్టన్ తర్కంలోని పదునును ఒప్పుకోక తప్పదు. సహజ హక్కు పేరుతో, అంటే ఏ చట్టమూ ఇవ్వకుండానే పుట్టుకతో వచ్చే హక్కు పేరుతో, ఓటు అడిగినవాడు అదే పేరుతో ఇతరుల ఆస్తినీ అడగవచ్చునని అతడు హెచ్చరించాడు. దొంగిలించవద్దన్న దైవాజ్ఞ ఆస్తిని కాపాడుతుందని రెయిన్స్‌బరో బదులిచ్చాడు గాని, ఆ ఆస్తి అసలు ఎలా ఏర్పడిందో ఆ జవాబు చెప్పదు.

ఆ సంగతిని తవ్వి తీసినవాడు జెరార్డ్ విన్‌స్టన్లీ. చార్లెస్ తల తెగిన రెండు నెలలకు, 1649 ఏప్రిల్‌లో, అతడూ కొందరు పేదలూ సర్రే కౌంటీలోని సెయింట్ జార్జ్ హిల్ మీద ఉమ్మడి బంజరును తవ్వి క్యారెట్లు, పార్స్‌నిప్ దుంపలు, చిక్కుళ్లు వేశారు. 'డిగ్గర్లు', అంటే తవ్వేవారు, అన్న పేరు అలా వచ్చింది. దేవుడు భూమిని అందరికీ ఉమ్మడిగా సృష్టించాడనీ, 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కత్తి బలంతో అది కొందరి పాలైందనీ, రాజు పోయినా భూస్వాముల పెత్తనం ఉన్నంతకాలం ఆ ఆక్రమణ ముగియదనీ అతడి వాదం. ఇందులో పరాయివాడు పేదవాడు కాదు, భూస్వామి.

నార్మన్లకు ముందూ ఇంగ్లండులో ప్రభువులూ బానిసలూ ఉన్నారు గనుక చరిత్రగా ఇది నిలవదు. స్థానిక భూస్వాములు 1650 వసంతానికల్లా డిగ్గర్లను చెదరగొట్టారు. ఇక పట్నీలో వాదించుకున్న ఓటు, ఆస్తి షరతు లేకుండా, పురుషులందరికీ 1918లో, స్త్రీలకు సమానంగా 1928లో దక్కింది. కానీ విన్‌స్టన్లీ వాదానికి అసలు ఆధారం వంశం కాదు, సృష్టి. సృష్టి వల్ల వచ్చే హక్కు ఇంగ్లీషువారి దగ్గరే ఆగడానికి కారణమేదీ లేదు.