ఎవరికి కనబడకుండా?

అమెరికాలో వేటగాళ్లు కొందరు తమ రైఫిళ్లకు ఇంట్లోనే రంగు వేసుకుంటారు. తూటాలు తీసేసి, నూనె జిడ్డు పోయేలా తుడిచి, గొట్టం మూతికీ దుర్భిణి అద్దాలకూ టేపు అంటించి, తుపాకీని తాడుకు వేలాడదీస్తారు. స్ప్రే డబ్బా ఊపి ముందుగా ఇసక రంగు కొడతారు. అది ఆరాక పెరట్లో కోసుకొచ్చిన ఆకులూ గడ్డిపోచలూ దాని మీద ఆనించి, పైనుంచి ఆకుపచ్చా మట్టి రంగూ కొడతారు. ఆకు తీసేస్తే ఆకు ఆకారం తుపాకీ మీద మిగులుతుంది. మెరిసే రంగు పనికిరాదు. ఇనుము ఇనుములా కనబడకూడదు, అంతే.

మాకిది వింతగా అనిపించలేదు. మా బడి వెనక నాలుగో తరగతి పిల్లలు ఇదే పని చేస్తుంటే చూశాం. తుపాకీలా వంగిన కర్రకు దొండాకు పసరు రుద్ది, మధ్య మధ్య బురద పూస్తున్నారు. దొండాకుతో పలక రుద్దుకోవడం వాళ్లకు నేర్పింది మేమే.

"ఎందుకురా అది?" అని అడిగాం.

"కనబడకుండా సార్."

"ఎవరికి?"

"ఎవరికీ."

ఆ మాట దగ్గరే ఆగిపోయాం. దాక్కోవడం తప్పని పిల్లలకు చెప్పగలమా? ఊసరవెల్లి దాక్కుంటుంది, గొల్లభామ దాక్కుంటుంది. మా తాతలు ఆకుల కొమ్మలు అడ్డం పెట్టుకుని మాటు వేసేవారు, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని కూర్చునేవారు. కానీ వాళ్లు దాక్కున్నది జంతువుకు. ఊరికి కాదు. భూమి పండుగ వేటకు ఎవరెవరు వెళ్లారో ఊరందరికీ తెలుసు. బాణం చూసి అది ఎవరిదో చెప్పగలిగేవారు. మొదట తగిలించిన వాడికి ప్రత్యేకమైన వాటా ఉండేది, మిగతాది ఇంటింటికీ పంచేవారు. వట్టి చేతులతో వచ్చిన వాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించేవారు. అడవిలో ఎంత దాక్కున్నా, ఊళ్లోకి వచ్చాక ఏం చేశావో చెప్పక తప్పేది కాదు.

రంగు తుపాకీల దేశంలోనూ ఈ సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో, జింకల వేట రోజుల్లో తుపాకీ పట్టినవాడు ముదురు నారింజ రంగు వేసుకోవాలని చట్టం. పెన్సిల్వేనియాలో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు. జింక కంటికి ఆ రంగు మనకు కొట్టొచ్చినట్టు కనబడదు. సాటి మనిషికి మాత్రం దూరం నుంచే తెలుస్తుంది. తుపాకీ మీద ఆకులు, ఒంటి మీద నారింజ. చూసేవాడికి నవ్వొస్తుంది గానీ, అందులో న్యాయం ఉంది.

మనిషి మనిషికే కనబడకూడదనుకున్న చోట ఆ న్యాయం చెల్లదు. ఖాకీ అంటే దుమ్ము రంగు. 1840లలో పెషావర్ వైపు తెల్లదొరల సైన్యంలో అది మొదలైంది. 1915లో ఫ్రాన్సు సైన్యం చిత్రకారులను పిలిచి, ఫిరంగులను దాచే రంగులు వేయించింది. బొమ్మలో లేనిదాన్ని ఉన్నట్టు చూపించే చెయ్యి, ఉన్నదాన్ని లేనట్టు చూపించడం మొదలుపెట్టింది.

మన్యం మాత్రం దాక్కోలేదా అంటే, దాక్కుంది. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాటులో రంప దళం పొదల చాటునే కూర్చుంది. ముందు నడిచిన మన దేశపు సిపాయిలను పోనిచ్చి, దొరలు కవర్డ్, హైటర్‌లను కాల్చింది. చావు చావే, దాన్ని తేలిక చేయలేం. కానీ చాటున కూర్చున్నవాళ్లు ఎవరిని వదలాలో చూసుకున్నారు. అంతకు నెల ముందు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల్లో తుపాకులు పట్టుకెళ్లినప్పుడు, ఏమేం తీసుకున్నదీ రాసి సీతారామరాజు సంతకం పెట్టాడు. ఆ తుపాకులకు రంగు పూయలేదు, పేరు రాశాడు.

తర్వాతి రోజుల్లో మా అడవుల్లో తిరిగిన తుపాకులకు పేరు లేదు. ఇటువాళ్లదీ ఆకు రంగే, అటువాళ్లదీ ఆకు రంగే. ఉదయం ఒక శవం కనబడితే ఎవరు కాల్చారన్నది ఇద్దరూ ఇంకొకరి మీదకి తోసేవారు. కనబడేది మేమే. తెల్ల పంచె, ఎర్ర చీర, పసుపు రంగు బడి సంచి. అడవి మాదంటారు గానీ, అడవి రంగు మాత్రం మాది కాకుండా పోయింది.

అందుకే ఇప్పపువ్వు ఏరడానికి చీకటితో వెళ్లే ఆడవాళ్లు టార్చిలైటు వెలిగించుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ నడిచేవారు. మాట్లాడేదేమీ లేకపోతే ఊరికే దగ్గేవారు. చెట్టు కింద రాలిన పువ్వు కోసం కాదు ఆ వెలుగు.

ఆ పిల్లవాడి కర్ర మా బడి బీరువాలో ఉంది. పసరు ఎండి నల్లబడింది. "నా తుపాకీ ఎప్పుడిస్తారు సార్" అని అడుగుతూనే ఉన్నాడు. ఇవ్వాలా, వద్దా అన్నది మేమింకా తేల్చుకోలేదు.