అచ్చుబొమ్మలో అసలు ఎక్కడుంటుంది?

ఒకే మూసలో లక్షలాదిగా పోసిన బొమ్మల్లో ఒకటి అసలు, మరొకటి నకిలీ అనడానికి ఆధారమేమిటన్నది జ్ఞానమీమాంసకు చెందిన ప్రశ్న. రవివర్మ చిత్రమైతే ఆయన కుంచె పట్టిందా లేదా అని అడగవచ్చు. ప్లాస్టిక్ బొమ్మ వెనుక అలాంటి చెయ్యేదీ లేదు.

అమెరికాలోని సిన్సినాటికి చెందిన కెన్నర్ సంస్థ 1978 నుంచి 1985 వరకు అమ్మిన ‘స్టార్ వార్స్’ సినిమా బొమ్మల విషయంలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి 12 బొమ్మల్లో ఆ సినిమాలోని జావా అనే పాత్ర ఒకటి. తొలుత దానికి వినైల్ పైఅంగీ తొడిగారు, కొద్దికాలానికే గుడ్డ అంగీకి మారారు. వినైల్ జావా అరుదు కాబట్టి దాని ధర ఎన్నో రెట్లు ఎక్కువ. మోసగాళ్లు అదే వరుసలోని బెన్ కెనోబీ బొమ్మ వినైల్ అంగీని కత్తిరించి జావాకు తొడుగుతారు. బొమ్మ కెన్నర్‌దే, వినైలూ కెన్నర్‌దే. అందులో బయటి పదార్థం రవంత కూడా లేదు. అయినా అది నకిలీయే. అంటే అసలుతనం పదార్థంలో ఉండే గుణం కాదు; ఆ వస్తువు ఎలా పుట్టింది, ఏ రూపంలో కర్మాగారం దాటింది అన్న చరిత్రలో ఉంది. నెల్సన్ గుడ్‌మన్ 1968లో ‘లాంగ్వేజెస్ ఆఫ్ ఆర్ట్’లో ఎచింగ్ ముద్రణల గురించి ఇలాంటి మాటే చెప్పాడు: ప్రతులు ఎన్నయినా ఉండవచ్చు, కానీ ప్రతి ఒక్కటీ ఆ మూల ఫలకం నుంచే రావాలి.

చరిత్ర కంటికి కనబడదు, గుర్తులను బట్టి ఊహించవలసిందే. ఇక్కడ తర్కాన్ని చర్చించే న్యాయదర్శనం బాగా అక్కరకొస్తుంది. బొమ్మ చేతి ఆయుధాన్ని నీళ్లలో వేసి, తేలితే అసలుదని చెప్పే పరీక్ష ఒకటుంది. కానీ అసలైనవాటిలో మునిగేవీ ఉన్నాయి, నకిలీల్లో తేలేవీ ఉన్నాయి. గౌతముడి న్యాయసూత్రాలు హేత్వాభాసాల్లో, అంటే దోషమున్న హేతువుల్లో, మొట్టమొదట చెప్పిన సవ్యభిచారం సరిగ్గా ఇదే: సాధ్యం, అంటే రుజువు చేయదలచినది, లేనిచోట కూడా కనిపించే హేతువు. కాలి వెనుక అచ్చయిన అక్షరాలు ఇంతకంటే మేలు. అయితే అక్కడి సంవత్సరం హక్కుల నమోదుది, తయారీది కాదు. హాంకాంగ్, తైవాన్ వంటి తయారీ చోటి పేరు చెరిగిపోయిన అసలు బొమ్మలూ ఉన్నాయి. వినైల్ జావా విషయంలో అంగీ అంచు తెగిన తీరు, రంగు ఛాయ, నిస్సందేహంగా అసలైన మరో బొమ్మతో పోలిక, ఇవన్నీ కలిస్తేనే అనుమానప్రమాణానికి, అంటే గుర్తులను బట్టి చేసే ఊహకు, బలం వస్తుంది.

అలా కలిగిన జ్ఞానాన్ని ఎంతవరకు నమ్మాలి? జ్ఞానం స్వతఃప్రమాణమనీ (తనంతట తానే ప్రమాణమనీ), దాన్ని తప్పని చూపే బాధకం ఎదురయ్యేదాకా దాన్ని నమ్మాలనీ మీమాంసకులు అంటారు. దాని ప్రామాణ్యం వేరే ఆధారంతో తేలాలని నైయాయికుల వాదం. రోజువారీ వ్యవహారానికి మీమాంసకుల మాట చాలు. అడుగడుగునా సందేహిస్తే ఏ పనీ సాగదు. అబద్ధం చెప్పడం వల్ల లాభముండే అంగడిలో మాత్రం నైయాయికుల జాగ్రత్తే సరైనది.

ఇక మిగిలింది శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవారి మాట. వృత్తిగా పరీక్షలు చేసే సంస్థలు బొమ్మను పరిశీలించి, పారదర్శకమైన పెట్టెలో పెట్టి సీలు వేసి, శ్రేణి రాసిస్తాయి. సీలు విప్పితే ఆ ధ్రువీకరణ చెల్లదు. కొన్నవారికి ఆపైన చేత్తో తాకి చూసే వీలుండదు. పరీక్షించినవారు న్యాయదర్శనం చెప్పే ఆప్తులా (తెలిసి, నిజం చెప్పేవారా) కారా అన్నదే వారు విచారించవలసిన సంగతి.