ఇసుర్రాయి దగ్గర ఇద్దరు

లోకం అంతమవుతుందనే మాట కడప జిల్లాకు క్రైస్తవంతో రాలేదు. బ్రహ్మంగారి కాలజ్ఞానం నాటుకున్న నేల ఇది. ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు అప్పుడే చెప్పినాడు" అనేస్తాం. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపకు వచ్చి, ఆ శతాబ్దం చివర్లో జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టేనాటికే జనం చెవులు ఈ మాటకు అలవాటుపడి ఉన్నాయి. ఇవాళ పులివెందులలో, ప్రొద్దుటూరులో పందిళ్లు వేసి జరిపే కూటాల్లో రాకడ గురించి వినని రాత్రి తక్కువ.

ఆ ప్రసంగాల్లో మత్తయి సువార్త 24వ అధ్యాయం తప్పక వస్తుంది. ఆ దినాల్లో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కష్టమని యేసు చెప్పిన మాటను మైకులో శాపంలా చదువుతారు. ముందు వరసలో బిడ్డనెత్తుకున్న తల్లి కొంగు సర్దుకుంటుంది. నాకైతే అది శాపంగా వినపడదు. యూదయలో ఉన్నవాళ్లు కొండలకు పారిపోవాలని చెబుతూ, పరుగెత్తలేని వాళ్లెవరో ఆయన గుర్తు చేసుకున్నాడు. అది జాలి.

అదే అధ్యాయంలో ఇసుర్రాయి దగ్గర ఇద్దరు స్త్రీలున్నారు. ఒకరు ఎత్తబడతారు, ఒకరు మిగిలిపోతారు. ఎత్తబడేది ఎవరని ప్రసంగీకులు గంటసేపు చెబుతారు. మిగిలిన గింజలు ఎవరు ఇసరాలో చెప్పరు.

ప్రొద్దుటూరులో మా మేనత్త ఒక కూటం నుంచి వచ్చి, "రాకడ ఈ యాడాదే అంటాండారు గదమ్మా, చీటీ ఇప్పుడే పాడుకుందామా, ఆఖరిదాకా కడదామా?" అనింది. ఇంట్లో అందరూ నవ్వినారు. కానీ ఇంతకంటే సూటిగా ఈ ప్రశ్న వేసిన వేదాంతిని నేను చదవలేదు. రాకడ గురించి కలవరపడుతున్న థెస్సలొనీక సంఘానికి రాసిన రెండో పత్రికలోనే పౌలు పని మానేసిన వాళ్లను మందలించాడు. అమెరికాలో 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని నమ్మిన మిల్లరైట్లలో కొందరు పంట కోయకుండా వదిలేశారు. 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ చెబితే దాచుకున్న డబ్బు ఖర్చు చేసినవాళ్లున్నారు. మర్నాడు పొయ్యి వెలిగించాల్సింది ఎవరో వేరే చెప్పాలా? ఆ దినం కుమారుడికి కూడా తెలియదని సువార్తే చెబుతుంటే, ఈ తేదీలు వీళ్లకెవరు చెప్పారో!

అలాగని ఈ ఆశను మూఢత్వమని కొట్టిపారేయలేను. తరాలుగా ఊరి బయట బతికిన మాలపల్లె మనిషికి ఈ లోకం ఇట్లాగే శాశ్వతంగా ఉండదన్న మాట ఎంత ధైర్యమో, ఊరి నడుమ ఇల్లున్నవాళ్లకు అర్థం కాదు. లోకం మారాలని ఎదురుచూడటం వేరు, జరిగే ప్రతి నష్టాన్నీ సూచనగా లెక్కవేసుకోవడం వేరు.

మా జిల్లాలో అంతాలు చాలానే వచ్చాయి. 2020లో గండికోట జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో 2012లో యురేనియం మిల్లు మొదలైంది. తర్వాత దాని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. నీళ్లు చేదెక్కడం అంత్యదినాల సూచన అయిపోతే ఇక అడగడానికి ఎవరూ ఉండరు. సూచనకు అధికారి ఉండడు, నష్టపరిహారం ఉండదు. బిందె పట్టుకుని ఇంకో బోరు వెతుక్కునే ఆడమనిషి మాత్రం ఉంటుంది.

ఊరు మునిగేటప్పుడు బాలింతను ముందు బండెక్కించేది ఎవరని అడిగిన ప్రసంగం ఏ పందిట్లోనూ నేనింకా వినలేదు.