ముందు చెవి, తరువాత నాలుక



ఈ నెల ధ్యానమునకు మార్కు సువార్త 7వ అధ్యాయము, 31 నుండి 37 వచనములు తెరచి చదువుకొనండి.

చెవుడు, నత్తి గల ఒక మనిషిని కొందరు ప్రభువు వద్దకు తీసికొని వచ్చారు. అతడు తానుగా రాలేదు. తెచ్చినవారి పేర్లు మార్కు వ్రాయలేదు. ప్రభువు అతనిని జనములోనుండి ప్రక్కకు తీసికొని వెళ్లి, ముందు చెవులలో వ్రేళ్లు పెట్టి, తరువాత నాలుక ముట్టాడు. ఈ భాగము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము గాని ఈ వరుసను ఎన్నడూ గమనించలేదు. మన సంఘములోని ఒక బిడ్డ మాకు దానిని చూపించాడు.

ఆ బాబుకు నాలుగేండ్లు నిండబోతున్నవి. 'అమ్మా' అనే మాట కూడ లేదు. రెండేండ్ల వయస్సులో వాని తల్లి మా వద్దకు వచ్చి, "అయ్యగారూ, వీడు పిలిస్తే తిరగడం లేదు" అని ఏడ్చింది. మేము ఏమన్నాము? "భయపడకమ్మా, మగపిల్లలకు మాటలు ఆలస్యమే, ప్రార్థన చేద్దాము" అన్నాము. ప్రార్థన చేయుట తప్పు కాదు. ప్రార్థన చేశాము గదా అని కదలకుండ కూర్చొనుట తప్పు. రెండు సంవత్సరములు అలా పోయినవి. ఆ తప్పు మాది, దానిని ఇక్కడ ఒప్పుకొనుచున్నాము.

ఇంకొక తప్పు కూడ జరిగినది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళము, రేపు బడిలో ఇంగ్లీషు, అందుకే బిడ్డ తికమకపడుచున్నాడు, తెలుగు మానివేయుము అని మనలోనే కొందరు ఆమెకు చెప్పారు. పాపము, ఆమె మానివేసింది. తనకు సరిగా రాని తమిళములో తల్లి బిడ్డతో ఎంత మాట్లాడగలదు? రోజుకు పది మాటలు. నాయనమ్మ ఒడిలో కథ లేదు, జోల లేదు. మాట కావలసిన బిడ్డ ఇంట్లోనే మాట కరువైనది.

ప్రియులారా, రెండు భాషలు వినుట వలన మాట ఆలస్యము కాదని భాషావైద్య నిపుణులు స్పష్టముగా చెప్పుచున్నారు. ఎదుగుదల ఆలస్యమైన బిడ్డలు సైతము రెండు భాషలు నేర్చుకొనగలరు. ఈ కోయంబత్తూరు, మదురై సీమలలో ఎన్ని తరముల తెలుగు పిల్లలు ఇంట తెలుగు, బయట తమిళము మాట్లాడుతూ పెరిగారో మనకు తెలియనిదా? మార్కు తన సువార్తను గ్రీకులో వ్రాశాడు. అయినను ప్రభువు ఆ చెవిటివానితో పలికిన 'ఎప్ఫతా' అనే మాటను మాత్రము ఆయన పలికిన అరామిక్‌లోనే ఉంచి, ప్రక్కన అర్థము వ్రాశాడు.

ఇప్పుడు ముందు చెవి సంగతి. మాట రాని బిడ్డకు మొట్టమొదట వినికిడి పరీక్ష చేయించవలెను. 'బేరా' అనే పరీక్ష నిద్రపోవుచున్న పసిబిడ్డకు కూడ చేయవచ్చును. మన బాబుకు వినికిడి బాగానే ఉన్నదని తేలినది, ఆలస్యము ఎదుగుదలలో ఉన్నది. అది తెలిసిన తరువాతనే దారి కనబడినది. ఏడాది నిండినను వ్రేలితో చూపకపోయినా, పేరు పిలిస్తే తిరుగకపోయినా, ఏడాదిన్నర దాటినను ఒక్క మాట లేకపోయినా, రెండేండ్లకు రెండు మాటలు కలుపకపోయినా, వచ్చిన మాటలు పోయినా, ఆగవద్దు.

ఆ చికిత్స చూచినప్పుడు మాకు ఆశ్చర్యము వేసింది. మందు లేదు, సూది లేదు. టీచరమ్మ నేల మీద బిడ్డ ఎదుట కూర్చొని బంతి చూపి, "బంతి" అని, ఇవ్వకుండ కొంచెము ఆగుతుంది. బిడ్డ కన్నెత్తి చూస్తే ఇస్తుంది. మరుసటి వారము చేయి చాపితేనే ఇస్తుంది. ఇలా వందసార్లు. నలుగురైదుగురు పిల్లలు వరుసగా కూర్చొనుట, తన వంతు వచ్చేవరకు ఆగుట, గిన్నె అందుకొనుట, ఇవన్నియు అక్కడ పాఠములే. ఇంటికి వచ్చి తల్లి అదే పని తెలుగులో చేయవలెను, ప్రక్కన సెల్ ఫోను ఆపి.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుక నుండి 18 ఏండ్ల వరకు పిల్లలను ఉచితముగా పరీక్షించెదరు. ఎదుగుదల ఆలస్యము అందులో ఒక భాగము. అంగన్‌వాడీ అమ్మను అడుగుడి. 2016 వికలాంగుల హక్కుల చట్టము ఉచిత విద్య హక్కును 6 నుండి 18 ఏండ్ల వారికి ఇచ్చినది. ఆరు నిండేవరకు బిడ్డ మెదడు ఆగదు గనుక ఆ ముందటి ఏండ్ల భారము మన మీదనే ఉన్నది. మనకు దగ్గరలోని పెరియనాయక్కన్‌పాళయములో రామకృష్ణ మిషన్ వారు ప్రత్యేక విద్య ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుచున్నారు. వారు వేరే మతమువారని కొందరు వెనుకాడుచున్నారు. గాయపడినవానికి సమరయుడు చేసిన సహాయమును మనము ప్రతి ఏడు ప్రసంగించుకొనుచున్నాము గదా! తెలుగు రాష్ట్రములకు తిరిగి వెళ్లువారికి సికింద్రాబాదులో 1984లో స్థాపించబడిన జాతీయ సంస్థ ఉన్నది.

బిడ్డ ఇట్లు పుట్టుటకు ఎవరు పాపము చేసిరి అని శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న (యోహాను 9) మన స్త్రీల సమాజములో ఆ తల్లి వీపు వెనుక వినబడినదట. ప్రభువు ఆ ప్రశ్నను త్రోసివేశాడు. మనమును త్రోసివేయవలెను.

ప్రతి బిడ్డకు మాట వచ్చునని మేము వాగ్దానము చేయము. నోరు మూతపడిన జెకర్యా పలక అడిగి బిడ్డ పేరు వ్రాశాడు. కొందరు బిడ్డలు బొమ్మల అట్టలతోను, చేతి సైగలతోను మనసు చెప్పెదరు. అదియు మాటయే. మన బాబు ఇప్పుడు నీళ్ల గ్లాసు బొమ్మ తెచ్చి తల్లి చేతిలో పెట్టుచున్నాడు.

ప్రతి మంగళవారము ఉదయము ఆమె బాబును తీసికొని థెరపీకి బస్సెక్కుచున్నది. ఇంట్లో ఎనిమిది నెలల చంటిపాప ఉన్నది, నాయనమ్మకు చూపు ఆనదు. మధ్యాహ్నము వరకు ఆ పాపను చూచుకొనుటకు ఒకరు కావలెను. వీలైన అక్కచెల్లెండ్రు ఆదివార ఆరాధన తరువాత మాతో చెప్పండి.

ప్రభువు సేవలో,
మీ సహోదరులు