విడదీయుటకు ముందు

అనంతగిరికి వచ్చి అనంతపద్మనాభస్వామిని సేవించినవారికి ఆ కొండలు చెప్పు పాఠమొకటి కలదు. ఆ పరిసరములందు జనించిన మూసీనది తూర్పునకు సాగి, హైదరాబాదు నగరము నడుమగా ప్రవహించి, వాడపల్లికడ కృష్ణలో లీనమగుచున్నది. అచ్చటనే పుట్టిన కాగ్నానది పడమటికి మరలి, తాండూరు నేలలను తడిపి, భీమానదిని చేరి, దానితో గూడ తుదకు ఆ కృష్ణనే పొందుచున్నది. ఒక్క కొండపై కురిసిన వాన రెండు దారుల నెడబాసియు మరల నొక్క ప్రవాహమున గలియుట చూచినపుడు, వియోగమంత భయపడదగినది కాదని తోచును. కాని 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు వేసిన ఇనుపదారి వెంబడి వికారాబాదు నుండి తాండూరునకు పోయి, అచ్చటి నాపరాతి గనులలో పనివారు పొరవెంట బండను చీల్చుట చూచినవారికి వేరొక పాఠము తెలియును: నీరు కలియును గాని, చీలిన బండ కలియదు.

ఈ రెండు పాఠములలో మనుష్యుడు సేకరించి దాచుకొను వస్తువులకు ఏది వర్తించునను చింత నాకొక తపాలా బిళ్ళల వాదమువలన గలిగినది. వికారాబాదు వాసి యొకరు, తాండూరు వాసి యొకరు, ఇరువురును నిజాము కాలపు బిళ్ళలను చిరకాలముగా సేకరించుచున్న మిత్రులు, ఒక సాయంకాలము నా యెదుట ఒక బ్లాకును బల్లపై నుంచి తర్కమునకు దిగిరి. నాలుగు బిళ్ళలు విడివడక కూడియున్న ఆ బ్లాకులో ఒక్కదానికి మాత్రము బొమ్మ చుట్టును నాలుగంచులు సమానముగా నమరినవి. బొమ్మ నట్టనడుమ నున్నదా, చిల్లులవెంట పండ్లు తెగక నిలిచినవా, వెనుకటి జిగురు చెదరలేదా యని పరీక్షించి, నూటికిన్ని యని గ్రేడు వేయు సంస్థలు నేడు వెలసినవి. ఆ అంకె మిక్కిలి యెత్తైనదైనచో, ఒంటిబిళ్ళకు వచ్చు వెల బ్లాకంతటి వెలను మించుటయు గలదు. కావున ఆ యొక్కదానిని విడదీయవచ్చునా, కూడదా యన్నది ప్రశ్న.

తాండూరు మిత్రుని పక్షము తేలికగా త్రోసివేయదగినది కాదు. “చిల్లులు వేసినదే చింపుటకు గదండీ! తపాలా కార్యాలయమున బల్లకడ కూర్చున్నవాడు దినమునకెన్ని షీట్లు చింపెనో లెక్క గలదా? వాడు చేసినది ధర్మమై, నేను చేయబోవునది అధర్మ మెట్లగును? పైగా ఇది నా సొమ్ము” అని ఆయన వాదము. ఒక బిళ్ళకు పట్టిన బూజు ప్రక్కదానికి ప్రాకుచున్నపుడు విడదీయుటయే రక్షణమని కూడ ఆయన చెప్పెను. ఈ తుది మాటను నేనును సంపూర్ణముగా నంగీకరింతును.

భాగములే యున్నవా, మొత్తమను వేరొక వస్తువు గలదా యను ఈ వాదము మన దేశమునకు క్రొత్తది కాదు. మిళిందరాజు నెదుట బౌద్ధభిక్షువు నాగసేనుడు, చక్రములు, ఇరుసు, నొగలు తప్ప రథమను వేరొక వస్తువేదియు లేదని నిరూపింపజూచెను. అవయవములకంటె వేరుగా అవయవి యున్నదని నైయాయికులు పట్టుపట్టిరి. ఒక భాగమును పట్టి లాగినపుడు మొత్తము వస్తువు కదలివచ్చుటయే గౌతముని న్యాయసూత్రములు చూపు ఆధారములలో నొకటి. బ్లాకును ఒక మూల పట్టి యెత్తి చూడుడు. తక్కిన మూడు బిళ్ళలును వెంటవచ్చును. వస్త్రము నుండి కొన్ని దారములను తీసివేసినచో పూర్వపు వస్త్రమే కొంచెము తక్కువైనది కాదనియు, ఆ వస్త్రము నశించి ఖండపటమను వేరొకటి పుట్టుననియు వారి సిద్ధాంతము. దీనినిబట్టి, బ్లాకును చింపినవాడు నాలుగు బిళ్ళలను రక్షించియు అయిదవ వస్తువును, అనగా వాని కూడికను, రూపుమాపినవాడగుచున్నాడు.

ఆ యైదవ వస్తువు కేవలము తార్కికుల కల్పన కాదని మన నిజాము బిళ్ళలే సాక్ష్యమిచ్చును. హైదరాబాదు సంస్థానపు తొలి బిళ్ళ 1869లో వెలువడినది. మరుసటి యేడు స్థానికముగా చెక్కించి అచ్చొత్తించిన అర అణా, రెండణాల బిళ్ళలలో ఒక్కొక్క విలువకు 240 భేదములు గలవు. ప్రతి బిళ్ళను వేరుగా చెక్కుటచేత ఏ రెండును సరిగా నొకటి కావు. ఈ బిళ్ళ పలకపై నేస్థానమున నుండెను, దాని కుడివైపున నేది, క్రింద నేది యని తెలిసికొనుటకు కూడియున్న జంటలును, బ్లాకులునే ముఖ్యమైన ఆధారములు. విడివడిన బిళ్ళ తన ముఖమును చూపగలదు గాని, తన పొరుగువారెవరో చెప్పజాలదు.

అమెరికాలో 1918లో విమానము తలక్రిందుగా అచ్చుపడిన నూరు బిళ్ళల షీటొకటి బయటపడినది. దానిని కొన్న ధనికుడు కర్నల్ గ్రీన్ దానిని విడదీయింప నిశ్చయించెను. అంతకుముందే దళారి యూజీన్ క్లైన్ ప్రతి బిళ్ళ వెనుకను పెన్సిలుతో దాని స్థానసంఖ్యను వ్రాయించెను. విడదీయువారికిని ఆ బంధుత్వపు గురుతు నిలువవలెనని తోచుట నా హృదయమును మిక్కిలి కదలించినది. ఆ షీటులోనిదే యగు నాలుగు బిళ్ళల బ్లాకు 1955లో ఒక ప్రదర్శనమున దొంగిలింపబడి, దొంగలచేతిలో నాలుగు ముక్కలయ్యెను. కూడికయే బ్లాకునకు ఆనవాలు. ఆనవాలు చెరుపగోరినవాడు చేసిన మొదటిపని దానిని చింపుట. వర్తకుడు ధర్మముగా నమ్ముకొనుటకు చింపినను, కాగితమునకు గలుగు నష్టము అదియే.

ఇక చిల్లుల మాట. బల్లకడ ఉద్యోగి చింపిన బిళ్ళ ఉత్తరముపై నెక్కి తన కార్యమును నెరవేర్చెను. అది దానికి విధింపబడిన ధర్మము. కాలవశమున చిరుగక మిగిలిన బ్లాకునకు ఆ ధర్మము తీరిపోయి, సాక్షియను వేరొక ధర్మము సంక్రమించినది. విత్తుటకు దాచిన కందులును వండుటకు గొన్న కందులును గింజగా నొక్కటియే యైనను, తాండూరు రైతు మొదటివానిని వంటయింటికి పంపడు.

సొమ్ము నాదియను మాటకు మన పెద్దలు చెప్పిన సమాధానము ధర్మకర్తృత్వము. ధనవంతుడు ధనమునకు ధర్మకర్త మాత్రమేనని గాంధీమహాత్ముడు బోధించెను. ఆయన చిత్రముతో 1948లో వెలువడిన పదిరూపాయల బిళ్ళపై సర్వీసు ముద్ర వేసినవి నూరే. వానిలో విడివడని నాలుగింటి వరుస 2017లో అయిదు లక్షల పౌండ్లకు అమ్ముడయ్యెను. కూడికను గౌరవించుట అంగడికిని తెలియనిది కాదు. అంగడి మరచినపుడు సైతము మనము మరువరాదని నా విన్నపము. గ్రేడు అనునది ఒక కాలపు పరీక్షకుని అభిప్రాయము, రేపు మారవచ్చును. కూడిక యనునది జరిగిన సత్యము, చింపిన పిమ్మట దానిని మార్చువారు లేరు.

ఆ సాయంకాలము ఇరువురిలో నెవరును ఓడలేదు. చాలసేపు మౌనముగానుండి తాండూరు మిత్రుడు బ్లాకును ఆల్బములో నెప్పటి చోటనే యుంచెను. “ఎప్పుడైనను చింపవచ్చును గదండీ, రేపైనను, ఎల్లుండియైనను” అనెను. అందులకు వికారాబాదు మిత్రుడు “అందుకేనండీ ఈ దినము వద్దన్నది” అనెను. చింపకుండుటలో చింపు స్వేచ్ఛ యిముడ్చుకొనియున్నది. చింపుటలో చింపకుండు స్వేచ్ఛకు తావులేదు. కాగ్నాజలము కృష్ణను చేరుటకు దారి గలదు. గనిలో చీలిన బండకు, చేతిలో చిరిగిన కాగితమునకు అట్టి దారి లేదు. కలుపజాలని చేయి విడదీయుటకు ముందు, ఒక్క రాత్రి యైనను ఆగవలెను.