ముందుగా ఎవరి మాట?

మా మామూ గాజులు, పూసలు, చేతి అద్దాలు మూటగట్టుకుని కిరండోల్ ప్యాసింజరెక్కి అరకు సంతకి పోయేవాడు. ముప్పై ఏళ్ళు అట్లాగే పోయాడు. సంత దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని సరుకు దింపుకునేవాడు. ఆ ఊళ్ళో నాలుగు సెంట్ల స్థలం కొనుక్కోవాలన్నది ఆయన తీరని కోరిక. చేతిలో డబ్బున్న రోజుల్లోనూ కొనలేకపోయాడు. "వన్ ఆఫ్ సెవెంటీ అడ్డమొచ్చింది బేటా" అనేవాడు. "కింద చూస్తే మనం మైనారిటీ. కొండెక్కినా మనకు చోటు లేదంటే ఎట్లా?" కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక అడిగేవాడు. ఆయన పోయాక ఇన్నాళ్ళకు జవాబు రాయడానికి కూర్చున్నాను.

వన్ ఆఫ్ సెవెంటీ అంటే 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో తెచ్చిన సవరణ. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గవర్నరు తెచ్చింది. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే చెల్లదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేననీ, అతని నుంచే వచ్చిందనీ చట్టం ముందే అనుకుంటుంది. కాదంటే రుజువు చేసుకోవలసింది మనం. షావుకారు, కంట్రాక్టరు, మా మామూ అందరూ దాని కళ్ళకి ఒకే వరసలో నిలబడతారు. కింద మన మీద పడే అనుమానపు చూపు గురించి పుస్తకాలు రాసుకున్న మనం, కొండమీద మన నీడ ఎవరిమీద పడుతోందో చూసుకున్నామా? 1997లో సమత కేసులో, బొర్రా ప్రాంతపు గనుల విషయంలో, సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని కూడా ఆ గిరిజనేతరుల వరసలోకే చేర్చింది. ఇది చెబితే మామూ నవ్వేవాడు. సర్కారు కూడా తనలాగే అద్దెగదిలో ఉండాల్సిందే కదా అని.

చట్టం ఇంత పక్షపాతంగా ఎందుకుంది? కాగితాలు ఎప్పుడూ మైదానపు మనిషి దగ్గరే ఉంటాయి కనుక. అప్పు పత్రం, వేలిముద్ర, పట్టా, రసీదు అన్నీ అతనివే. కొండమీది మనిషి దగ్గర మాట ఒక్కటే ఉంటుంది. ఇద్దరినీ సమానంగా రుజువు అడిగితే గెలిచేదెవరో ముందే తెలుసు. అందుకే ముందు ఎవరి మాట నమ్మాలో చట్టమే తేల్చి చెప్పింది. భూమి విషయంలో చెప్పింది సరే, మానం ప్రాణం విషయంలో?

2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో కూంబింగుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. ఇది మావోయిస్టులు అల్లించిన కట్టుకథ అన్న మాట ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. అప్పుడు పాడేరు ఎమ్మెల్యే లకే రాజారావు. 2004లో బహుజన సమాజ్ పార్టీ నుంచి గెలిచాడు. అసెంబ్లీలో ఆ పార్టీకి ఉన్నది ఆయనొక్కడే. వెనక పార్టీ బలం లేదు, మంత్రి పదవి ఆశ లేదు. ఆ స్త్రీల మాటని అధికారుల ముందుకు తీసుకువెళ్ళిన వాళ్ళలో ఆయన ఉన్నాడు.

ఆయన చేసింది చిన్న పనే అనిపించవచ్చు. నిజమేదో ఆయన తేల్చలేదు, అది కోర్టు పని. వాళ్ళ మాట కోర్టుదాకా పోవడానికి తన బరువు అరువిచ్చాడు. ఆ తర్వాత దాన్ని మోసింది బాలగోపాల్ లాంటి హక్కుల మనుషులు. బాలగోపాల్ 2009లో పోయారు. విచారణ మొదలయ్యేసరికే పదేళ్ళు దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులని వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారుల లోపాలను తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. దర్యాప్తు సరిగ్గా జరగని కేసులో నిర్దోషిత్వం ఎవరికి ఊరట? నిజంగా ఏ తప్పూ చేయని పోలీసు ఒక్కడున్నా అతనికీ అన్యాయమే జరిగింది.

వాకపల్లికి మూడు నెలల ముందు, మే 18న, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. పదుల కొద్దీ మన పిల్లల్ని పట్టుకుపోయారు. వాళ్ళు పడ్డ చిత్రహింసల గురించి మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక రాశారు. కోర్టులు తర్వాత వాళ్ళని నిర్దోషులన్నాయి. అదే ఏడు, అదే రాష్ట్రం, అదే హోంశాఖ. కొండమీది స్త్రీ నోరు తెరిస్తే అబద్ధం, పాతబస్తీ కుర్రాడు లేదంటే అబద్ధం. ఈ రెండు గోడుల్నీ ఒకచోట కూర్చుని విన్నవాళ్ళు మనలో ఎంతమంది? నేనైతే వినలేదు. వాకపల్లి పేరు అప్పట్లో పేపర్లో చదివి పేజీ తిప్పేశాను.

ఇక కుర్చీల సంగతి. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ మావోయిస్టులు కాల్చి చంపారు. ఎన్నికల్లో ఒకరితో ఒకరు తలపడ్డ ఇద్దరు గిరిజనులు ఒకేరోజు, ఒకేచోట పోయారు. గిరిజనుల పేరు చెప్పి గిరిజనుల్ని చంపే హక్కు ఎవరిచ్చారో చంపినవాళ్ళు చెప్పాలి. నవంబరు 11న సర్వేశ్వరరావు కొడుకు శ్రావణ్‌కుమార్ మంత్రి అయ్యాడు. అదేరోజు ఎన్.ఎం.డి. ఫరూఖ్ కూడా ప్రమాణం చేశాడు. అప్పటిదాకా, నాలుగేళ్ళకు పైగా, ఆ మంత్రివర్గంలో ఒక్క గిరిజనుడూ లేడు, ఒక్క ముస్లిమూ లేడు. ఎన్నికలు అయిదారు నెలల్లో ఉండగా రెండు ఖాళీలూ ఒకే వేదికమీద పూడ్చారు. ఆయనకు గిరిజన సంక్షేమం, ఈయనకు మైనారిటీ సంక్షేమం. ఎవరి గోడు వాళ్ళకే శాఖ చేసి ఇచ్చినట్టుంది. శ్రావణ్‌కుమార్ ఆరునెలల్లో చట్టసభకు ఎన్నిక కాలేదు కనుక 2019 మేలో రాజీనామా చేశాడు.

మన ఖౌమ్ సభల్లో తరచు ఒక మాట వినిపిస్తుంది: ఆదివాసులకి రిజర్వుడు సీట్లున్నాయి, మనకి లేవు. నిజమే. 1949లో రాజ్యాంగసభ మత మైనారిటీలకు సీట్ల రిజర్వేషను వద్దనుకుంది, షెడ్యూల్డు కులాలకూ తెగలకూ ఉంచింది. ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో ఏడు గిరిజనులవి. కానీ టికెట్టిచ్చేది పార్టీ, విప్ వేసేది పార్టీ. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తన కొండకి జవాబు చెప్పాలా, పార్టీ ఆఫీసుకా అన్న చిక్కు ఏడుగురికీ ఉంది. సీట్లు అక్కర్లేదని నేననడం లేదు, కావాలి. ఆ సీటులో మనవాడు కూర్చుంటే ఎవరి మాట ముందు నమ్ముతాడన్నది ఇప్పుడే మాట్లాడుకోవాలంటున్నాను.

ఉదాహరణకి మా మామూనే తీసుకోండి. మనకొక రిజర్వుడు సీటుండి, మన ఎమ్మెల్యే ఒకడు గెలిచి వచ్చాడనుకుందాం. మామూ తెల్లటి టోపీ సవరించుకుని అతని గుమ్మం ముందు నిలబడేవాడు. ముప్పై ఏళ్ళుగా అద్దె కడుతున్నాను సాబ్, మనవాళ్ళ కోసం ఆ వన్ ఆఫ్ సెవెంటీని కొంచెం సడలించమని అడగండి అనేవాడు. మామూ మంచివాడు. సంతలో ఎవరినీ మోసం చేసి ఎరగడు. అతని ఓటు ఆ ఎమ్మెల్యేకే పడింది. వాకపల్లి స్త్రీల ఓటు అతనికి ఎప్పటికీ పడదు. ఆ గుమ్మంలో అతను మామూకి ఏం చెప్పాలి?