మెదడు చదువుకు వెళ్లే ముందు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నీట్‌లో ర్యాంకు రాలేదనీ, న్యూరోసైన్స్ చదువుతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఎలాగోలా బ్రెయిన్ డాక్టరే అవుతుందిలే" అని పక్కనుంచి మీ నాన్న అన్నారు. ముందు ఆ మాట సంగతి తేల్చుకో. పీహెచ్‌డీ చేసి పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నా రోగికి మందు రాసే హక్కు రాదు. అది న్యూరాలజిస్టు పని, దానికి ఎంబీబీఎస్ తప్పదు. చేజారిన సీటుకు బదులుగా దీన్ని పట్టుకుంటే పదేళ్లయినా ఆ సీటే గుర్తొస్తుంది.

మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా ఉండలేననిపిస్తే మాత్రం వెళ్లు. ఆ ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక కథ చెప్తాను. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే భాగంలో పెద్ద ముక్కను తీసేశారు. మూర్ఛలు తగ్గాయి గానీ, ఆ తర్వాత జరిగినదేదీ మనసులో నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతని ఎదుట అద్దం పెట్టి, చెయ్యి నేరుగా కనబడకుండా అడ్డుపెట్టి, అద్దంలో చూస్తూ నక్షత్రం అంచుల మధ్య పెన్సిల్ నడపమంది. మొదటిరోజు గీత అడ్డదిడ్డంగా పోయింది. మూడోరోజుకు చక్కగా కుదిరింది. ఇంతకుముందు ఆ పని చేసినట్టే అతనికి గుర్తులేదు. జ్ఞాపకం ఒకే రకం కాదని, చేతిపని నేర్చుకునే దారి వేరని అలా తేలింది.

2008లో చనిపోయేదాకా పుస్తకాల్లో అతను హెచ్.ఎం. అనే రెండక్షరాలే. నిన్న ఎవరు పరీక్షించారో గుర్తులేని మనిషి పరీక్షకు "సరే" అంటే, అది నిజంగా ఒప్పుకోవడమేనా? నీ సిలబస్‌లో ఈ ప్రశ్నకు ఒక పేరా కేటాయిస్తారేమో, నువ్వు మాత్రం అంతతో వదిలేయకు. మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ కోసం ఎవరి తలకైనా ఎలక్ట్రోడ్లు పెట్టేముందు ఏం చేయబోతున్నావో వాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పు. ఎలక్ట్రోడ్లకు రాసే జెల్ జుట్టుకు అంటుకుని చికాకు పెడుతుంది. తువ్వాలు, నీళ్లు నువ్వే సిద్ధంగా ఉంచు.

ఎక్కడ చదవాలంటావా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. బెంగళూరులో నిమ్హాన్స్, ఐఐఎస్సీ, హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. డిగ్రీలోనే న్యూరోసైన్స్ అన్న పేరు ఉండాలని పట్టుబట్టకు. జువాలజీ, సైకాలజీ, ఫిజిక్స్ చదివినవాళ్లూ ఇటు వస్తుంటారు.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు రూ.37,000, ఇంటద్దె భత్యం అదనం. ఈలోగా నీతో చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవాళ్లు ఫ్లాట్లు కొనేస్తారు. సంబంధాలు తెచ్చేవాళ్లు "ఇంకా చదువుతూనే ఉందా?" అంటారు. (అననివ్వు.) ప్రొఫెసర్ పోస్టులు తక్కువ. చాలామంది మందుల కంపెనీల క్లినికల్ ట్రయల్స్‌లోనో, డేటా ఉద్యోగాల్లోనో స్థిరపడతారు. అవీ గౌరవమైన పనులే.

గౌరవం లేనిది ఒకటుంది. మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ పేరుతో పిల్లల కళ్లకు గంతలు కట్టి చదివిస్తామని తల్లిదండ్రుల దగ్గర వేలకు వేలు గుంజినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఆ పిల్లలు ముక్కు పక్క సందులోంచి చూసి చదువుతారు. మిడ్ బ్రెయిన్ పుట్టినప్పటి నుంచి అందరికీ పనిచేస్తూనే ఉంటుంది. మెదడులో పదోవంతే వాడుతున్నామనే కబుర్లూ ఇలాంటివే. రేపు అలాంటి సరుకు అమ్మేవాళ్లు నీ డిగ్రీని బోర్డు మీద వేసుకుంటామని మంచి జీతంతో వస్తారు. నీకు చేతిలో పైసా లేని రోజైనా సరే, వద్దని చెప్పాలి. ఈ ఒక్క విషయంలో నాకు మాట ఇవ్వు.

ఖర్చుల గురించి మీ నాన్నతో నేను మాట్లాడతాను. బైపీసీ తీసుకుని లెక్కలు వదిలేశావు కదా, ఈ రంగంలో స్టాటిస్టిక్స్, కోడింగ్ రాకపోతే అడుగు ముందుకు పడదు. వచ్చేవారం నుంచే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మామయ్య